విరాళం పంపేముందు పది నిమిషాలు

మానసిక ఆరోగ్యం పేరుతో విరాళం అడిగే మెసేజ్ వస్తే, ఏది నమ్మాలో తెలియక టెన్షన్ పడేదాన్ని. ఇప్పుడు ముందుగా స్వచ్ఛంద సంస్థలు నమోదు చేసుకునే నీతి ఆయోగ్ వారి ఎన్జీవో దర్పణ్ పోర్టల్‌లో సంస్థ పేరు వెతుకుతాను. తర్వాత వాళ్ల వెబ్‌సైట్‌లో గత 3 ఏళ్ల ఆడిట్ లెక్కలు తెరుస్తాను. జీతాల పద్దు పెద్దగా ఉంటే కంగారు పడక్కర్లేదు, కౌన్సెలింగ్ చేసేది మనుషులే కదా! ప్రచారానికి ఎంత పోయిందో చూడండి. లెక్కలు లేకపోతే మెయిల్ పెట్టి అడుగుతాను. వారంలో జవాబు రాకపోతే వదిలేస్తాను. రోగులను ఉంచుకునే కేంద్రమైతే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం స్టేట్ మెంటల్ హెల్త్ అథారిటీ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరూ అడగండి.

ఒక్క జాగ్రత్త: దర్పణ్‌లో పేరున్నంత మాత్రాన పని బాగుందని కాదు. అక్కడి వివరాలు ఆ సంస్థ నింపుకున్నవే.