కారు వెనుక షాక్ అబ్జార్బర్లు ఇంట్లోనే మార్చుకోవడం ఎలా?

గతుకు దాటిన తర్వాత కారు వెనుక భాగం వెంటనే కుదుటపడకుండా ఊగుతూనే ఉంటే షాక్ అబ్జార్బర్లను అనుమానించాలి. డిక్కీని నొక్కి వదిలి చూసే పాత పరీక్షను పూర్తిగా నమ్మలేం. సగం అరిగినవి కూడా అందులో నెగ్గుతాయి. షాక్ మీద నూనె కారిన జాడ, టైరు చుట్టూ అక్కడక్కడా గుంటలు పడ్డట్టు అరుగుదల అంతకంటే గట్టి ఆధారాలు.

ముందు కారు కిందికి చూడండి. స్ప్రింగు, షాక్ వేర్వేరుగా ఉంటే ఈ పని ఇంట్లో చేసుకోవచ్చు. స్ప్రింగు షాక్ చుట్టూనే బిగించి ఉంటే మాత్రం మెకానిక్‌కు అప్పగించండి. నొక్కి పెట్టిన స్ప్రింగు జారితే ప్రాణాల మీదికి వస్తుంది.

షాక్‌లు రెండు వైపులా ఒకేసారి మార్చాలి. వాటితో పాటు రబ్బరు స్టాపర్లు, దుమ్ము తొడుగులు, కొత్త నట్లు తెచ్చుకోండి. బోల్టులకు ముందు రోజే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచితే సగం శ్రమ తప్పుతుంది.

చదునైన గట్టి నేల మీద కారు ఆపి, చక్రం మధ్య నుంచి పైనున్న మడ్‌గార్డు అంచు దాకా ఎత్తు కొలిచి రాసుకోండి. ఇది చివర్లో పనికొస్తుంది. ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టండి. చాలా కార్లలో హ్యాండ్ బ్రేకు వెనుక చక్రాలనే పడుతుంది కాబట్టి, అవి గాలిలోకి లేచాక దాని మీద ఆధారపడలేం. చక్రాల నట్లు నేల మీదే కాస్త వదులు చేసి, కారును జాకీతో లేపి, తయారీదారు చూపిన చోట్ల స్టాండ్లు పెట్టి, చక్రాలు తీయండి. జాకీ ఒక్కదాని మీద నిలిపిన కారు కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరవద్దు.

ఇప్పుడు జాకీని వెనుక యాక్సిల్ (రెండు వెనుక చక్రాలను కలిపే అడ్డ దూలం) కింద ఆనించండి. తొందరలో చాలామంది వదిలేసేది ఇదే. యాక్సిల్ మరీ కిందికి జారకుండా ఆపేది షాకే. ఆధారం లేకుండా దాన్ని విప్పితే యాక్సిల్ బరువంతా బ్రేకు గొట్టం మీద, సెన్సర్ తీగ మీద పడుతుంది.

ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోండి. పై నట్టు కొన్ని కార్లలో డిక్కీ లోపలి అట్ట వెనుక ఉంటుంది. నట్టుతో పాటు షాక్ లోంచి వచ్చే కడ్డీ కూడా తిరుగుతుంటే కడ్డీ కొనను మరో స్పానర్‌తో పట్టుకోవాలి. దాన్ని ఎప్పుడూ ప్లయర్‌తో పట్టవద్దు, గీత పడితే సీలు పాడవుతుంది. తర్వాత కింది బోల్టు తీస్తే పాత షాక్ బయటికి వస్తుంది.

కొత్తదాన్ని నిలువుగా పట్టుకుని నాలుగైదు సార్లు పూర్తిగా నొక్కి, సాగదీసి, లోపలి గాలి పోయాక బిగించండి. కింది బోల్టును ప్రస్తుతానికి వదులుగానే ఉంచండి. చక్రం వేలాడుతున్నప్పుడే బిగించేస్తే, కారు దిగగానే బోల్టు చుట్టూ ఉండే బుష్‌లోని రబ్బరు మెలిపడి త్వరగా చిరిగిపోతుంది. జాకీతో యాక్సిల్‌ను మీరు రాసుకున్న ఎత్తు వరకు లేపి, కారు స్టాండ్ల మీద కదలలేదని చూసుకుని, అప్పుడు టార్క్ రెంచ్‌తో (ఎంత బిగించామో కొలిచే స్పానర్) మాన్యువల్‌లో చెప్పినంత బిగించండి.

చక్రాలు ఎక్కించి, కారు దించి, నట్లను ఎదురెదురుగా బిగించండి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక వాటిని మళ్లీ ఒకసారి సరిచూడండి. పాత షాక్‌లలో ఒత్తిడితో నింపిన వాయువు ఉండవచ్చు. వాటిని కోయడం, కాల్చడం చేయకుండా పాత ఇనుము తీసుకునేవారికి ఆ సంగతి చెప్పి ఇవ్వండి.