ఉద్యోగానికి దరఖాస్తు, మూడో పాఠం: "టాలీ వచ్చు" అని రాస్తే సరిపోదు

పోయిన పాఠంలో ఒక పని అప్పజెప్పాను. ఒక వారం రోజులు ఆఫీసులోనో షాపులోనో పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీరు చేసిన పనులన్నీ, ఎంత చిన్నవైనా సరే, నోటుబుక్కులో తెలుగులోనే రాసుకోమన్నాను. రాయనివాళ్ళు ఇక్కడే ఆగి, ముందు అది రాసి రండి. ఈరోజు పాఠమంతా ఆ నోటుబుక్కు మీదే నడుస్తుంది, అది లేకుండా చదివితే బాగానే అర్థమైనట్టుంటుంది కానీ మీ రెజ్యూమెలో ఒక్క లైను కూడా మారదు.

నాకు ఈ పద్ధతి పట్టుబడింది మా బంధువులమ్మాయి వల్ల. బీకాం చదివి, విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఇనుము హోల్‌సేల్ షాపులో రెండున్నరేళ్ళు అకౌంట్స్ చూసింది. హైదరాబాదులో 40 చోట్లకు దరఖాస్తు పెడితే ఒక్క ఫోనూ రాలేదని, "అక్కా, ఒకసారి చూసిపెట్టవా" అని రెజ్యూమె వాట్సాప్ చేసింది. పైన ఎక్కడో డౌన్‌లోడ్ చేసిన "సీకింగ్ ఎ ఛాలెంజింగ్ పొజిషన్ ఇన్ ఎ రెప్యూటెడ్ ఆర్గనైజేషన్", దాని కింద స్కిల్స్ అని హెడ్డింగు పెట్టి టాలీ (అకౌంట్స్ రాసే సాఫ్ట్‌వేర్), ఎంఎస్ ఆఫీస్, జీఎస్టీ, హార్డ్ వర్కింగ్. అంతే. చూసి బాధేసింది, ఎందుకంటే నెలాఖరుకి ఆ పిల్ల ఎన్నింటికి ఇంటికొచ్చేదో నాకు తెలుసు.

ఫోన్ చేసి, "రెజ్యూమె సంగతి పక్కన పెట్టు, పోయిన నెల పదో తారీఖున ఏం చేశావో చెప్పు" అన్నాను.

"ఏముందక్కా, మనకి సరుకు అమ్మిన పార్టీలకి ఫోన్లు చేస్తూ కూర్చున్నా."

"ఎందుకు?"

"పదకొండు లోపు వాళ్ళు తమ అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో మన బిల్లులు ఎక్కించకపోతే, పద్నాలుగున మనకొచ్చే కొనుగోళ్ళ లిస్టు జీఎస్టీఆర్-2బీలో అవి కనపడవు కదా. కనపడకపోతే ఆ నెల ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుకి తగ్గింపు, రాదు, అంత పన్నూ ఓనర్‌గారు చేతి నుంచి కట్టాలి. ఎప్పుడూ లేటు చేసే పార్టీలెవరో ఎక్సెల్‌లో రాసుకున్నా, ముందు వాళ్ళ వెంట పడతా."

"నెలకి ఎన్ని బిల్లులు?"

"కొనుగోలువే 120 దాకా ఉంటాయి."

చూశారా, "జీఎస్టీ" అన్న ఒక్క ముక్క వెనక ఎంత ఉందో. గడువులు తెలుసు, ఏది తప్పితే ఎవరికి నష్టమో తెలుసు, ఎక్సెల్ తెలుసు, పెద్దవాళ్ళతో ఫోన్లో మాట్లాడి పని చేయించుకోవడం తెలుసు. ఇవేవీ రెజ్యూమెలో లేవు. రోజూ చేసే పని కాబట్టి అదొక నైపుణ్యమని ఆమెకే అనిపించలేదు.

ఇప్పుడు దాన్ని వాక్యం చేద్దాం. ఏం చేశారు, ఎంత మోతాదులో చేశారు, దానివల్ల ఏమైంది, ఈ మూడూ పడాలి. "నెలకు సుమారు 120 కొనుగోలు బిల్లులను జీఎస్టీఆర్-2బీతో సరిచూసి, ఎక్కని బిల్లుల గురించి పార్టీలతో మాట్లాడి ఎక్కించి, ఇన్‌పుట్ క్రెడిట్ ఆగకుండా చూశాను." ముందు ఇలా తెలుగులోనే రాయండి, ఆ తర్వాతే ఇంగ్లీషులోకి మార్చండి. నేరుగా ఇంగ్లీషులో మొదలుపెడితే చేతికి వచ్చేవి మన మాటలు కావు, పక్కవాళ్ళ రెజ్యూమెలో చూసిన మాటలే వస్తాయి, ఇది నేను చాలామంది దగ్గర చూశాను.

ఆ అమ్మాయి నోటుబుక్కులో ఇంకో లైను ఉంది. "రాత్రి లారీ ఆగిపోతే ఈ-వే బిల్లు మార్చా." దీన్ని కొట్టేయబోయింది కూడా. ఏం జరిగిందని అడిగితే, హైదరాబాదు వెళ్ళే లోడు లారీ సూర్యాపేట దగ్గర చెడిపోయిందట, డ్రైవరు మాల్‌ని వేరే బండిలోకి మార్చించాడు, కొత్త బండి నంబరుని ఈ-వే బిల్లులో (సరుకు రవాణాకి జీఎస్టీ పోర్టల్లో తీసే బిల్లు) బండి వివరాలుండే పార్ట్-బీలో మార్చకుండా కదిలితే దారిలో చెకింగులో పట్టుకుంటారు, ఈమె రాత్రి 11 గంటలకు పోర్టల్లోకి వెళ్ళి నంబరు మార్చి, 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్కన ఆ బిల్లు గడువు ఇంకా ఉందో లేదో చూసి, డ్రైవరుకి కొత్త కాపీ పంపింది. అది కొట్టేసే లైనా? దాన్ని రెజ్యూమెలో రెండో లైనుగా పెట్టించాను. తర్వాత ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీ ఇంటర్వ్యూలో పది నిమిషాలు ఆ లారీ గురించే అడిగారట. తనకు బాగా తెలిసిన విషయం కాబట్టి టెన్షన్ లేకుండా చెప్పుకొచ్చింది.

ఇక క్రియల దగ్గర జాగ్రత్త, ఇది అన్నిటికంటే ముఖ్యం. "జీఎస్టీ రిటర్నులు ఫైల్ చేశాను" అని రాయడానికీ "రిటర్నులకు కావలసిన వివరాలు తయారుచేసి ఆడిటర్‌కి ఇచ్చాను" అని రాయడానికీ చాలా తేడా ఉంది. చిన్న షాపుల్లో చాలాచోట్ల వివరాలు మనవే, పోర్టల్లో ఫైల్ చేసేది మాత్రం ఆడిటర్‌గారి ఆఫీసు. అలాంటప్పుడు "ఫైల్ చేశాను" అని రాస్తే, ఎదురుగా కూర్చున్న అకౌంట్స్ మేనేజర్ "ఫైల్ చేసేటప్పుడు ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తుంది?" అని ఒక్క ప్రశ్న వేస్తే మీరు తడబడతారు, అక్కడి నుంచి మీరు చెప్పే నిజాల్ని కూడా ఆయన అనుమానంగానే వింటాడు. తయారుచేస్తే తయారుచేశానని, సాయం చేస్తే సాయం చేశానని రాయండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. అంకెలూ అంతే, సరిగ్గా గుర్తులేకపోతే ఒక నెల ఓచర్లు లెక్కపెట్టి "సుమారు" అని రాయండి, 120ని 500 చేయకండి.

హార్డ్ వర్కింగ్, సిన్సియర్, టీమ్ ప్లేయర్ లాంటివి తీసేయండి. నాన్నగారి పేరు, కులం, మతం, చివర డిక్లరేషన్ కూడా ప్రైవేటు ఉద్యోగానికి అక్కర్లేదు, ఆ చోటు ఇంకో లైనుకు పనికొస్తుంది.

ఇంకా ఉద్యోగం చేయనివాళ్ళు నోటుబుక్కులో ఏం రాయాలా అని దిగులుపడకండి. నాన్నగారి కిరాణా షాపులో వారానికోసారి బాకీల పుస్తకం సరిచూసినా, కాలేజీ ఫెస్టుకి చందాల లెక్క రాసినా అది పనే. మీకోసం ఐదో పాఠం మొత్తం ఉంచాను.

ఈ వారం మీ పని ఇది. నోటుబుక్కులోంచి ఐదు పనులు తీసి, ఒక్కోదానికి పైన చెప్పినట్టు ఒక్కో వాక్యం తెలుగులో రాయండి. మీరు కొట్టేయాలనుకున్న పని ఒకటైనా అందులో ఉండాలి. రాసింది ఇంట్లో మీ పని గురించి ఏమీ తెలియనివాళ్ళకి, అమ్మకో తమ్ముడికో చదివి వినిపించండి, వాళ్ళు "అంటే ఏంటి?" అన్న చోటల్లా పెన్సిలుతో గీత పెట్టుకోండి. నాలుగో పాఠంలో ఆ ఐదు వాక్యాల్నీ ఒక ఉద్యోగ ప్రకటన పక్కన పెట్టి, అందులో వాళ్ళు వాడిన మాటలతో ఎక్కడ కలుస్తున్నాయో చూస్తాం, కాబట్టి మీకు నిజంగా కావాలనిపించిన ప్రకటన ఒకటి ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి.