పాత కథలతో తెలుగు మాటలు పోగేసుకోవడం ఎలా?

ఇంట్లో తెలుగే మాట్లాడతారు, బడిలో మాత్రం అన్నీ ఇంగ్లీషులో చదివారు. అలా పెరిగినవాళ్లకు కోపం అన్న మాట అందినట్టు అలక, కినుక, ఉడుకుమోత్తనం అందవు. పదాల జాబితాలు బట్టీ పడితే వారం తిరక్కుండా మరిచిపోతారు. నా మటుకు నాకు పనికొచ్చింది పాత కథే.

1. చిన్న కథ తీసుకోండి. నవల వద్దు, మధ్యలో వదిలేస్తారు. గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’ కొద్ది పేజీలే. 1910లో ‘ఆంధ్రభారతి’ పత్రికలో వచ్చింది. రాత్రి ఆలస్యంగా ఇల్లు చేరిన గోపాలరావుకు భార్య కనిపించదు, ఉత్తరం కనిపిస్తుంది. ఆ తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రమే తెలియని మాటల మీదుగా మనల్ని దాటిస్తుంది. దాని తర్వాత శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథలకు వెళ్లండి. సంభాషణల్లో గోదావరి జిల్లాల పలుకుబడి దండిగా దొరుకుతుంది.

2. మొదటిసారి నిఘంటువు ముట్టుకోకండి. తెలియని మాట కింద పెన్సిలుతో చుక్క పెట్టి సాగిపోండి.

3. రెండోసారి చదివేటప్పుడు చుక్క పెట్టిన ప్రతి మాటకూ మీకు తోచిన అర్థం పక్కన రాయండి. తప్పినా మంచిదే, తప్పిన మాటే గట్టిగా గుర్తుంటుంది. నేను చాలాకాలం ‘ఏటిగట్టు’ అంటే ఏదో ఊరి పేరనుకున్నాను!

4. ఇప్పుడు నిఘంటువు తెరవండి. ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఒకేసారి చాలా నిఘంటువులు వెతకవచ్చు. చాలామంది విసుగెత్తి మానేసేది ఇక్కడే, ఎందుకంటే కథలో కనిపించిన రూపం నిఘంటువులో ఉండదు. ‘నూతిలో’ అని వెతికితే దొరకదు, ‘నుయ్యి’ అని వెతకాలి. ‘గోతిలో’కు ‘గొయ్యి’, ‘రోటిలో’కు ‘రోలు’. ‘ఏటి’ మరీ తిరకాసు: ఏటికి ఎదురీదితే అది ‘ఏరు’, ఏటికేడాది పెరిగితే అది ‘ఏడు’, అంటే సంవత్సరం. ఏదో తేల్చేది పక్కనున్న మాటలే. సమాసాల్లో మొదటి అక్షరమూ మారుతుంది. ‘కూరగాయలు’లో ఉన్నది కాయలు, ‘తల్లిదండ్రులు’లో ఉన్నది తండ్రి, ‘కాలుసేతులు’లో ఉన్నవి చేతులు. మాట దొరకకపోతే గ, స, ద ల స్థానంలో క, చ, త పెట్టి చూడండి.

5. ఒక్క మాట దొరికితే దాని చుట్టాలను కూడా పిలవండి. ‘దిద్దుబాటు’ అన్న పేరునే చూడండి. పిల్లలు అక్షరాలు దిద్దుతారు, మేష్టారు పరీక్ష పేపర్లు దిద్దుతారు, అమ్మ బొట్టు దిద్దుతుంది, తాతగారు మీసం దిద్దుకుంటారు. చివరనున్న ‘బాటు’ ‘పడు’ నుంచి వచ్చింది. తడబడితే తడబాటు, తిరగబడితే తిరుగుబాటు, కట్టుబడితే కట్టుబాటు, పొరపడితే పొరపాటు. కథలోకి అడుగు పెట్టకముందే, పేరు దగ్గరే ఇన్ని మాటలు చేతికొచ్చాయి.

6. నోటుపుస్తకంలో అర్థం ఒక్కటే రాస్తే చాలదు. కథలోని వాక్యం రాసి, దాని కింద మీ ఇంటి సంగతితో సొంత వాక్యం ఒకటి రాయండి. కథకు అయిదారు మాటలు చాలు. ముప్పై రాస్తే మళ్లీ జాబితానే అవుతుంది.

7. నిఘంటువుకు చిక్కని మాటలు ఉంటాయి, ముఖ్యంగా పొలం పనులవి. వాటికోసం భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం ఉంది. అది అందకపోతే ఊళ్లో ఉన్న అమ్మమ్మకో పెద్దనాన్నకో ఫోను చేయండి. ‘దొడ్డి’ అంటే ఏమిటని ఇద్దరు ముగ్గురిని అడిగి చూడండి. ఒకరు ఇంటి వెనక పెరడంటారు, ఇంకొకరు పశువులను కట్టేసే చోటంటారు, మరొకరు నవ్వేసి మాట మారుస్తారు. ఆ నవ్వు ఎందుకో కూడా అడిగి, ఎవరు ఏ ఊరివారో పక్కన రాసుకోండి.