సరస్సులో మునిగిన స్నోమొబైల్: తీసే తొందర ముందు ఆపుకోండి

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రానికి కొత్తగా వచ్చి, మొదటి చలికాలంలోనే స్నోమొబైల్‌ని, అంటే మంచు మీద నడిపే మోటారు బండిని, గడ్డకట్టిన సరస్సులో ముంచుకున్నవాళ్ళు సాధారణంగా చేసే పని ఒకటుంది. నలుగురు స్నేహితుల్ని, రెండు తాళ్ళని, ఒక ట్రక్కుని పోగేసుకుని ఆ సాయంత్రమే బండిని లాగడానికి బయల్దేరతారు. వెళ్ళకండి. మనిషి గట్టెక్కాడు కదా, బండికి తొందర లేదు.

నీళ్ళలో ఉన్నకొద్దీ బండి పాడైపోతుందని భయపడతారు గానీ, ఐసు కింద, సరస్సు అడుగున నీరు దాదాపు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. గడ్డకట్టదు. గాలి ఆడదు కాబట్టి తుప్పు కూడా నెమ్మదే. అదే బండిని మైనస్ 20లోకి లాగి ట్రైలర్ మీద పెట్టి హైవే ఎక్కితే, ఇంజను అడుగు భాగమైన క్రాంక్‌కేసులోనూ కార్బురేటర్ గిన్నెల్లోనూ ఉన్న నీరు ఐసై ఉబ్బుతుంది, అల్యూమినియం పగులుతుంది. పగలకపోయినా, తడి బేరింగులకు గాలి తగిలిన కొన్ని గంటల్లోనే తుప్పు మొదలవుతుంది. వెచ్చని గరాజ్, కొత్త స్పార్క్ ప్లగ్గులు, నూనె, తాజా పెట్రోలు, మర్నాడంతా ఖాళీ సమయం, ఇవన్నీ సిద్ధమయ్యాకే బండి పైకి రావాలి. ఈ ఒక్క మాట వింటే మిగతాదంతా మామూలు మెకానిక్ పని.

అలా అని వసంతం దాకా వదిలేయడానికీ లేదు. ఈ రాష్ట్రంలో బండి మునిగిన 48 గంటల్లో కౌంటీ షెరీఫ్‌కి తెలపాలి, 30 రోజుల్లో బయటికి తీయాలి. షెరీఫ్ అనగానే వీసా గుర్తొచ్చి నోరు మెదపనివాళ్ళు ఉంటారు. సమాచారం ఇవ్వడం నేరం ఒప్పుకోవడం కాదండీ. ఇవ్వకపోవడమే చిక్కు. బండి అద్దెదో అరువుదో అయితే దాని యజమానికి చెప్పకుండా తాడు కూడా కట్టొద్దు.

ఇక ఐసు. స్నోమొబైల్ నడపడానికి 5 నుంచి 7 అంగుళాల గట్టి, స్వచ్ఛమైన ఐసు ఉండాలని రాష్ట్ర సహజ వనరుల శాఖ చెబుతుంది. తెల్లగా, మంచు కలిసినట్టున్న ఐసైతే రెట్టింపు కావాలి. అది బండి కదులుతూ పోవడానికి. నలుగురు మనుషులు, బండిని ఎత్తే ముక్కాలి స్టాండు, 500 పౌన్లకు పైబడిన బండి ఒకే చోట, అదీ బండి తీయడానికి కోసిన కన్నం అంచున నిలబడాలంటే అడుగు మందం లేనిదే మొదలుపెట్టకూడదు. ఒక చోట కొలిచి ఊరుకోకండి, డ్రిల్లుతో అడుగడుగునా చూసుకుంటూ వెళ్ళండి. బండి అక్కడే ఎందుకు మునిగిందో కూడా ఆలోచించండి. కింద ఊటో, రెండు సరస్సుల మధ్య కాలువ ప్రవాహమో, దగ్గర్లో రేవు చుట్టూ ఐసు కట్టకుండా తిప్పే బబ్లరో ఉంటే నెల ఆగినా ఆ చోటు గట్టిపడదు. అప్పుడది మీ పని కాదు, ఐసు కింద ఈదడానికి శిక్షణ ఉన్న డైవర్లను పిలవాలి. 10 అడుగుల లోతు దాటినా అంతే. లైఫ్ జాకెట్, మెడలో ఐస్ పిక్కుల (నీళ్ళలో పడితే ఐసులో గుచ్చి పైకి పాకే మేకుల) గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

కన్నం 5 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు సరిపోతుంది, ఎందుకంటే బండి ముక్కు పైకెత్తి నిలువుగా వస్తుంది. చైన్‌సాతో కోయండి. ఆ రంపానికి వంటనూనె వేయండి, ఇంజను నూనె సరస్సులో కలవకూడదు. ఘనపుటడుగు ఐసు 57 పౌన్లు తూగుతుంది. అడుగు మందాన ఆ దిమ్మె మొత్తం 1,700 పౌన్ల పైమాటే. దాన్ని ఎత్తాలని చూడకండి. అడుగున్నర చదరాలుగా కోసి ఒక్కొక్కటే అంచు కిందికి తోసేయండి.

ముక్కాలి కాళ్ళ కింద పలకలు పరచండి, చైన్ బ్లాక్ (గొలుసు లాగి బరువెత్తే కప్పీ) తగిలించండి. కొక్కెం బండి ముందున్న రెండు స్కీల (జారుడు పలకల) మొదళ్ళను కలిపి చుట్టిన పట్టీకి పడాలి. హ్యాండిల్‌కి వేస్తే ఊడొస్తుంది. అడుగున బురద పట్టేసి ఉంటుంది కనుక గుంజొద్దు, గొలుసు బిగించి కాసేపు ఆగితే అదే వదులుతుంది. నీళ్ళలో తేలికగా వచ్చిన బండి పైకి తేలగానే ఒక్కసారిగా బరువెక్కుతుంది. ట్రాక్ (బండిని నడిపే రబ్బరు పట్టా) మీద కప్పుగా ఉండే టన్నెల్లోనూ సీటులోనూ నీరుంటుంది మరి. సగం పైకొచ్చాక ఐదు నిమిషాలు వేలాడనిచ్చి, కారిపోయాక పలకల మీదికి జార్చుకోండి. పని అయ్యాక కన్నం చుట్టూ కొమ్మలు పాతి మెరిసే టేపు కట్టండి, రాత్రి ఇంకో బండి అందులో పడకుండా.

తాళం తిప్పొద్దు! స్టార్టర్ తాడు లాగొద్దు. సిలిండర్లో నీరుంటే అది నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. ఇంజను తిరుగుతుండగా మునిగి ఉంటే ఇప్పటికే వంగి ఉండొచ్చు. బ్యాటరీ తీసేయండి, ప్లగ్గులు విప్పండి, బండిని ఎగ్జాస్టు వైపు వంచండి, అప్పుడు తాడు మెల్లగా లాగండి. ప్లగ్గు రంధ్రాలకు మొహం దూరంగా పెట్టుకోండి. మధ్యలో ఎక్కడైనా అడ్డుకుంటే బలవంతం చేయకుండా మెకానిక్‌కి అప్పగించండి. సాఫీగా తిరిగితే, చిమ్మడం ఆగేదాకా లాగి, ఒక్కో సిలిండర్లో కొంచెం టూ-స్ట్రోక్ నూనె పోసి, టార్పాలిన్ కప్పి గరాజ్‌కి తీసుకెళ్ళండి.

అక్కడ పెట్రోలు ట్యాంకు, కార్బురేటర్ గిన్నెలు, ఎయిర్ బాక్సు, ఎగ్జాస్టు అన్నీ ఖాళీ చేయాలి. నూనె ట్యాంకును మరిచిపోతారు. నీరు నూనె కంటే బరువు కాబట్టి అడుగున చేరి, పంపులోకి మొదట పోయేది అదే. ఫోర్-స్ట్రోక్ అయితే నూనె పాలు కలిసిన రంగులో వస్తుంది. ఫిల్టరుతో సహా మార్చి, కాసేపు తిప్పి, రంగు తేరేదాకా రెండు మూడుసార్లు మళ్ళీ మార్చండి. ట్రాక్‌ని తిప్పే గొలుసుండే పెట్టె, చైన్‌కేస్, దాని నూనె కూడా అంతే. వైర్ల కనెక్టర్లు విప్పి గాలి కొట్టండి, బెల్టు ఆరబెట్టండి.

స్టార్ట్ చేసేటప్పుడు గరాజ్ తలుపు తెరిచే ఉంచండి, పొగ ప్రాణం తీస్తుంది. లోపలి తడి ఆవిరవ్వాలంటే ఇంజను బాగా వేడెక్కాలి. అయితే లిక్విడ్ కూల్డ్ బండికి ట్రాక్ చిమ్మే మంచే చల్లదనం. మంచు లేని గచ్చు మీద ఎక్కువసేపు తిప్పితే మరిగిపోతుంది. కొన్ని నిమిషాలు తిప్పి, ఆపి, చల్లార్చి, మళ్ళీ తిప్పండి.

సరే, ఇంత కసురుకున్నాక ఇదీ చెప్పాలి. మంచినీళ్ళలో మునిగిన బండి, ఇంజను ఆగి ఉండగా మునిగిందైతే, ఈ వరుస తప్పకుండా చేస్తే చాలామటుకు మళ్ళీ నడుస్తుంది. వారం నడిపాక చైన్‌కేస్ నూనె ఇంకోసారి తీసి చూడండి. తెల్లబడి ఉంటే మళ్ళీ మార్చాలి.