కూజాతో ఎలక్ట్రిక్ జగ్గు వాయించడం

ఎలక్ట్రిక్ జగ్గు అంటే జగ్గు మూతి దగ్గర మైకు పెట్టి, గొంతుతో కూతలు లోపలికి వదిలి వాయించే వాయిద్యం. ముందే చెప్తున్నా, కూజాలో ఊదకండి. నేను రెండు సాయంత్రాలు ఊది కళ్ళు తిరిగి కూలబడ్డాను. "తాగే నీళ్ళ కూజాలో ఎంగిలేటిరా గుంటడా" అని మామ్మ చేత తిట్లు కూడా తిన్నాను.

మాది పర్లాకిమిడి. పెళ్ళిళ్ళకీ భజనలకీ మైక్‌సెట్ కడతాను. థర్టీంత్ ఫ్లోర్ ఎలివేటర్స్ అనే అమెరికా రాక్ బ్యాండు పాట మొదటిసారి విన్నప్పుడు నా స్పీకరు కోన్ చిరిగిందనుకున్నా. గిటార్ల వెనకాల బుడబుడమంటూ ఓ చప్పుడు ఆగకుండా పరిగెడుతోంది మరి! టెక్సస్‌లోని ఆస్టిన్‌లో 1965 చివర్లో పుట్టిన బ్యాండు అది. 1966లో వచ్చిన 'యూ ఆర్ గొన్నా మిస్ మీ' పెట్టుకుంటే చప్పుడు తేటగా దొరుకుతుంది. అమెరికా హిట్ పాటల పట్టిక బిల్‌బోర్డ్‌లో 55వ స్థానం దాకా వెళ్ళిన పాట.

ఆ చప్పుడు బ్యాండులో జగ్గు వాయించిన టామీ హాల్‌ది. పాతకాలం జగ్గు వాయించేవాళ్ళు మూతి దగ్గర పెదాలు అదిలించి బూరలా ఊదేవారు. ఇతను మైకుని జగ్గు మూతికి దగ్గరగా పట్టుకుని, గొంతుతో గబగబా కూతలు లోపలికి వదిలాడు. మోగేది గొంతే, జగ్గు దాన్ని గుండ్రంగా తిప్పి పంపుతుంది.

మనకి కూజా చాలు. కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూడండి, ఖంగుమనాలి. మొద్దుగా పలికితే ఎక్కడో పగులుంది. మూతి సన్నం, పొట్ట పెద్దది కావాలి. ఆవకాయ జాడీ నోరు వెడల్పు, దానితో పని జరగదు. నీళ్ళు పోసి వాడినదైతే రెండు రోజులు ఎండబెట్టండి, తడిమట్టి చప్పుడు మింగేస్తుంది. శ్రుతి కాస్త పైకి కావాలంటే లోపల గాలి తగ్గించాలి. నేను మహేంద్రతనయ ఏటి ఇసక నాలుగు దోసిళ్ళు పోశాను.

మైకు మూతికి పక్కగా, రెండు వేళ్ళ ఎడంలో ఉండాలి. నోటికి ఎదురుగా పెడితే "బు" అన్నప్పుడల్లా గాలి గుద్దుతుంది. ఎకో సగానికి లోపే. స్పీకరు మీకు ముందు, మొహం జనం వైపు తిప్పి పెట్టండి. లేకపోతే మైకు కూస్తుంది, అదీ కూజా సొంత శ్రుతి దగ్గరే ముందు పట్టుకుంటుంది. అప్పుడు సౌండు తగ్గించే బదులు కూజాని కొంచెం పక్కకి తిప్పి చూడండి.

ఇక గొంతు. "డుగుడుగుడుగు" అని, నాలుక అంగిట్లో తగిలేలా, డ్రమ్ముకి రెట్టింపు వేగంతో. ఒకే శ్రుతిలో అంటే మోటారు పంపులా ఉంటుంది. పైకెక్కించి దింపుతూ ఉండాలి. ఊపిరి తీసుకోడానికి పాటగాడు గొంతెత్తే చోటు చూసుకోండి, అక్కడ ఎవరికీ తెలీదు.

మా భజన గుంపులో ఓ రాత్రి వాయించి చూశాను. తబలా బాబాయ్ చెయ్యి ఆపి, "వైరేదో ఊడింది, చూడరా" అన్నాడు.