సఫారీ పార్కులో ముందు గిట్టలు చూడండి

నేను పశువైద్యుడిని. సర్వీసంతా ఆవులు, గేదెలతోనే గడిచిపోయింది. సింహానికి సూది వేసిన అనుభవం లేదు. రిటైరయ్యాక మనవరాలి పుణ్యమా అని నాలుగైదు సఫారీ పార్కులు తిరిగాను, అన్నీ ఏదో ఒక కుటుంబం సొంతంగా నడుపుతున్నవే. మొదటిసారి వెళ్లినప్పుడు పాప జిరాఫీ మొహం చూస్తుంటే నేను దాని కాళ్లు చూశాను. ముందు గిట్టలు ముక్కు చెప్పుల్లా పెరిగి పైకి లేచి ఉన్నాయి. యజమానురాలు మాత్రం "మేం వీటిని కన్నబిడ్డల్లా చూసుకుంటాం" అని మైకులో చెబుతోంది. ఆవిడ అబద్ధమాడిందని నేననుకోను. ప్రేమ వేరు, గిట్టలు కత్తిరించడం వేరు, అంతే.

కుటుంబాలు ఇలాంటి పార్కులు నడపడం కొత్తేమీ కాదు. ఆఫ్రికా బయట కార్లో కూర్చుని సింహాల మధ్యగా వెళ్లే మొదటి పార్కు ఇంగ్లండ్‌లోని లాంగ్‌లీట్‌లో 1966లో తెరిచారు. అదీ ఒక ప్రభువుల కుటుంబం ఎస్టేటే. సొంత పార్కులో ఒక సుఖం ఉంది: కంచె మార్చాలంటే ఫైలు కదలక్కర్లేదు, సాయంత్రానికి పని మొదలైపోతుంది. చిక్కూ అక్కడే ఉంది: యజమాని తప్పు చేస్తే "ఇది తప్పండీ" అనడానికి ఎవరూ ఉండరు. అందుకే బయటివాళ్లు వచ్చి తనిఖీ చేస్తున్నారో లేదో ముందు తెలుసుకోండి.

లైసెన్సు ఉంటే సరిపోదు, అది కనీస అర్హత మాత్రమే. జూలు, అక్వేరియాలు కలిసి పెట్టుకున్న సంఘాలుంటాయి, అమెరికాలో ఏజెడ్‌ఏ, యూరప్‌లో ఈఏజెడ్‌ఏ లాంటివి. వాటి గుర్తింపు ఉందేమో చూడండి. ఏజెడ్‌ఏ గుర్తింపు ఐదేళ్లకే. తర్వాత మళ్లీ తనిఖీ దాటాలి. గేటు మీద సంఘం లోగో చూసి నమ్మకండి, ఆ సంఘం సొంత జాబితాలో పార్కు పేరుందో లేదో వెతకండి. గుర్తింపు లేని ప్రతి పార్కూ చెడ్డదని కాదు. లేనిచోట మీ కళ్లకు పని ఎక్కువ, అంతే.

తర్వాత వాళ్ల ప్రకటనల ఫొటోలు. పులిపిల్లను ఒళ్లో పెట్టి ఫొటో తీయిస్తారా? అయితే టికెట్టు కొనకండి. ఈ ఒక్క విషయంలో నాకు మొహమాటం లేదు. పిల్లలు ఒళ్లో పట్టేంత చిన్నగా ఉండేది కొద్ది నెలలే. ఫొటోలు ఆగకూడదంటే కొత్త పిల్లలు పుడుతూనే ఉండాలి. అందుకోసం తల్లి దగ్గర్నుంచి పిల్లల్ని ముందే లాగేస్తే అది మళ్లీ తొందరగా ఎదకు వస్తుంది. పాడి గేదెల దగ్గర ఈ లెక్క నాకు బాగా తెలుసు. మరి పెరిగిన పిల్లలు ఎక్కడికి పోతున్నాయి? అమెరికాలో 2022 డిసెంబరులో వచ్చిన చట్టం పెద్దపులి, సింహం లాంటి వాటిని జనం తాకకుండా ఆపింది. తెల్లపులిని చూపించి "అంతరించిపోతున్న జాతిని కాపాడుతున్నాం" అంటే కూడా అనుమానించండి. అది వేరే జాతి కాదు, రంగు తేడా మాత్రమే. 1951లో మధ్యప్రదేశ్‌లోని రేవా అడవిలో దొరికిన మోహన్ అనే పులి సంతతిలోనే ఎక్కువగా దగ్గరి చుట్టరికాలు కలిపి ఆ రంగును నిలబెట్టారు. తెల్లపులుల్లో మెల్లకన్ను లాంటి లోపాలు ఎక్కువ.

లోపలికెళ్లాక కారు అద్దాలు మూసి నెమ్మదిగా పోవడం, హారన్ కొట్టకపోవడం వాళ్లే చెబుతారు. నేను చెప్పేది వేరు. అన్నీ చూసేయాలన్న హడావుడి మానుకోండి. నడిచి చూసే భాగంలో ఒక్క ఎన్‌క్లోజర్, అంటే జంతువుల్ని ఉంచే ఆవరణ, ఎంచుకుని ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడండి. పిల్లలు గోల చేస్తారు, చేయనివ్వండి.

గిట్టల తర్వాత డొక్కలు, వెన్ను చూడండి. నీళ్ల తొట్టి అడుగున నాచు పట్టిందా? నీడ అన్ని జంతువులకూ సరిపడా ఉందా, లేక బలమైనదే ఆక్రమించి మిగతావి ఎండలో నిలబడుతున్నాయా? మన కంట పడకుండా దాక్కునే చోటు ఉందా? జంతువు కనిపించకపోతే డబ్బు దండగని అనుకోకండి, దాక్కోగలగడం దానికి పెద్ద సౌకర్యం. జిరాఫీ, జింక, అడవిదున్న పడుకుని తీరిగ్గా నెమరు వేస్తుంటే నాకు సగం దిగులు పోతుంది. జీబ్రాలో ఆ గుర్తు వెతకొద్దు, అది గుర్రం జాతి, నెమరు వేయదు. సింహం పడుకునే ఉందని బాధపడకండి. అడవిలోనూ అది రోజుకి ఇరవై గంటల దాకా పడుకోగలదు.

బాధపడాల్సింది కదలిక చూసి. ఎలుగు అదే దారిలో పోయి, అదే రాయి దగ్గర తిరిగి, అదే అడుగులో అడుగు వేస్తూ పచార్లు చేస్తోందా? ఏనుగు ఊరికే ఊగుతోందా? జిరాఫీ అదేపనిగా కంచె నాకుతోందా? నేల చూసినా తెలుస్తుంది, కంచె వెంబడి గడ్డి చచ్చి బాట పడి ఉంటుంది. అయితే వెంటనే తీర్పు చెప్పకండి. మేత వేళకు ముందు చాలా జంతువులు అలా తిరుగుతాయి. గంట తర్వాత మళ్లీ వచ్చి చూడండి. సర్కస్ నుంచి తెచ్చిన జంతువుకైతే ఆ అలవాటు మంచి చోటికి వచ్చాక కూడా పోకపోవచ్చు. జంతువుల్ని రోజూ చూసుకునే కీపర్ని అడిగితేనే తెలిసే సంగతి అది.

అడిగే పద్ధతి ముఖ్యం. "జంతువులు బాగున్నాయా?" అంటే "భేషుగ్గా" అంటారు. బదులుగా ఇలా అడగండి: ఈ జిరాఫీకి గిట్టలు చివరిసారి ఎప్పుడు కత్తిరించారు? రాత్రి వీటిని ఎక్కడ ఉంచుతారు? సందర్శకులు రాని నెలల్లో మనుషుల్ని తగ్గిస్తారా? పోయినేడు పుట్టిన పిల్లలు ఇప్పుడెక్కడున్నాయి? మంచి కీపర్ ఇలాంటి ప్రశ్నకు ఉత్సాహపడి పది నిమిషాలు మాట్లాడతాడు. చివరి ప్రశ్నకు మాట మార్చితే గుర్తుపెట్టుకోండి.

మేత తినిపించే చోట ఒక జాగ్రత్త. పార్కువాళ్లు ఇచ్చిన ఆకు కొమ్మలైతే సరే, అవీ లెక్క ప్రకారమే. బ్రెడ్డు, గింజలు గుప్పెళ్లకొద్దీ పెట్టిస్తుంటే పక్కకు వచ్చేయండి. నెమరు వేసే జంతువు పొట్టలో పిండి పదార్థం ఎక్కువైతే ఆమ్లం పెరుగుతుంది. ధాన్యం బస్తాలో మూతిపెట్టి తెల్లారేసరికి కూలబడ్డ గేదెల్ని చాలా చూశాను, కొన్నింటిని బతికించలేకపోయాను.

తేడా కనిపిస్తే అక్కడ గొడవపడకండి. వీడియో తీయండి, టైము, ఎన్‌క్లోజర్ పేరు రాసుకోండి. ముందు యజమానికి రాయండి. జవాబు లేకపోతేనో, ప్రాణాపాయంగా ఉంటేనో లైసెన్సు ఇచ్చిన ఆఫీసుకు. "జంతువులు నరకంలో ఉన్నాయి" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. "ముందు కుడి గిట్ట బాగా పెరిగింది, నడిచేటప్పుడు ఆ కాలు సరిగా మోపడం లేదు, వీడియో జతచేశాను" అని రాయండి.

ఆ జిరాఫీ గురించి నేనూ రాశాను. మొదటి జవాబులో మళ్లీ కన్నబిడ్డల మాటే వచ్చింది. రెండో ఉత్తరంలో ఒక్క వాక్యమే రాశాను: గిట్టలు కత్తిరించే తేదీ చెప్పండి. పదకొండో రోజున యజమానురాలి కొడుకు ఫోన్ చేశాడు. జిరాఫీకి మత్తు ఇవ్వడం ప్రమాదమట, నిజమే. అందుకని కాలు తనంతట తానే ముందుకు చాచి దిమ్మ మీద పెట్టేలా రోజూ ఆకులిచ్చి అలవాటు చేస్తున్నారట. మూడు నెలలు పడుతుందన్నాడు. నేను క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకున్నాను.