విశాఖ వేడిలో మొక్కల అక్వేరియానికి కార్బన్ డయాక్సైడు

నీటి మొక్కలు పెంచే తొట్టికి కార్బన్ డయాక్సైడు ఏర్పాటు చేయాలనుకునేవారు ముందుగా అది తమకు అవసరమో కాదో తేల్చుకోవాలి. గాలి తగులుతూ ఊరికే నిలిచిన నీటిలో ఈ వాయువు లీటరుకు సుమారు అర మిల్లీగ్రాము మాత్రమే ఉంటుంది. గట్టి వెలుతురు కింద పెరిగే ఎర్ర రొటాలాలు, అడుగున పచ్చికలా పరుచుకునే మొక్కలు 20 నుంచి 30 మిల్లీగ్రాముల దాకా కోరుకుంటాయి. అనూబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకోరైన్ వంటివి తక్కువ వెలుతురులో, ఏ సిలిండరూ లేకుండానే ఏళ్ల తరబడి బతుకుతాయి కాబట్టి, అవి మాత్రమే ఉన్న తొట్టికి ఈ ఖర్చు దండగ. పెద్ద దీపం పెట్టి గ్యాసు ఇవ్వకపోతే మాత్రం నాచు బాగుపడుతుంది.

పంచదార, ఈస్టు కలిపి సీసాలో పులియబెట్టే పద్ధతి చవకైనదే గాని, మన ఊరి వేడికి మొదటి రోజుల్లో బుడగలు ఉధృతంగా వచ్చి, ఆ తరువాత నీరసిస్తాయి. మోతాదు రోజుకో రకంగా మారితే మొక్కలకన్నా నాచుకే లాభం కనుక నేను దానిని సిఫారసు చేయను. చిన్న తొట్లకు నిమ్మఉప్పు, వంటసోడా పద్ధతి నయం. 200 గ్రాముల సోడాకు సుమారు 150 గ్రాముల నిమ్మఉప్పు సరిపోతుంది, దాని నుంచి 100 గ్రాములకు పైగా వాయువు వస్తుంది. అయితే సేఫ్టీ వాల్వు ఉన్న స్టీలు సీసాలోనే దీనిని చేయాలి. కూల్‌డ్రింకు సీసాలో చేయడం తగదు. అరవై, డెబ్బై లీటర్లు దాటిన తొట్టికి సిలిండరే దారి.

సిలిండరు కొనేటప్పుడు దాని మెడ మీద చెక్కిన ఖాళీ బరువును, పీడన పరీక్ష చేసిన తేదీని చూడాలి. ఈ పరీక్ష 5 సంవత్సరాలకొకసారి జరగాలి. నింపించుకోవడానికి గాజువాక ఆటోనగర్ లాంటి పారిశ్రామిక ప్రాంతాల్లో గాని, అగ్నిమాపక పరికరాలు నింపేవారి దగ్గర గాని విచారించాలి. సోడా బండివారిని అడిగినా, తమ సిలిండరు ఎక్కడ నింపిస్తారో చెబుతారు.

కొత్తవారు ఎక్కువగా పొరబడేది ప్రెషర్ గేజి దగ్గర. సిలిండరులో ఈ వాయువు ద్రవరూపంలో ఉంటుంది గనుక, ద్రవం ఉన్నంతకాలం, వేడి మారనంతవరకు ముల్లు ఒకే చోట నిలుస్తుంది: 20 డిగ్రీల దగ్గర సుమారు 57 బార్లు (పీడనపు కొలత), 25 డిగ్రీల దగ్గర 64. 31 డిగ్రీలు దాటితే ద్రవమనేదే మిగలదు, పీడనం ఇంకా పైకి పోతుంది. మే నెలలో విశాఖ ఇళ్లలో గది వేడి అంతకు మించడం మామూలే కాబట్టి, ముల్లు ఎక్కిందని గ్యాసు ఎక్కువ ఉందనుకోకూడదు. ఎంత మిగిలిందో కాటా మీద పెట్టి, ఖాళీ బరువు తీసివేసి తెలుసుకోవడమొక్కటే నమ్మకమైన పద్ధతి. సిలిండరు అడుగంటే వేళ, పీడనాన్ని ఒకే అంచెలో తగ్గించే చవక రెగ్యులేటర్లలో బయటి పీడనం హఠాత్తుగా పెరిగి, ఉన్న గ్యాసంతా ఒక్క రాత్రిలో తొట్టిలోకి దిగవచ్చు. అందుకే 200 గ్రాములు మిగిలి ఉండగానే మార్చేయాలి.

సిలిండరును నిలువుగానే ఉంచాలి, పడుకోబెడితే ద్రవం రెగ్యులేటరులోకి చొరబడుతుంది. లాసన్స్‌బే, ఎంవీపీ కాలనీ వంటి సముద్రం పక్క ప్రాంతాల్లో ఉప్పుగాలికి సిలిండరు అడుగు త్వరగా తుప్పు పడుతుంది, అది గచ్చుకు ఆనకుండా చెక్క పలక మీద నిలపాలి. కీళ్లన్నిటికీ సబ్బు నురుగు పూసి, బుడగ పొంగుతుందేమో చూడాలి. 2 కిలోల సిలిండరు మొత్తం కారితే సుమారు 1,100 లీటర్ల వాయువు అవుతుంది. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న మూసిన గదిలో అది గాలిలో దాదాపు 4 శాతం, అంటే మనిషికే ప్రమాదం. ఏసీ వేసి తలుపులు బిగించుకునే పడకగదిలో సిలిండరు వద్దు.

ఇక మోతాదు. సెకనుకు ఇన్ని బుడగలని ఎవరో చెప్పిన లెక్క మీ తొట్టికి చెల్లదు, బుడగ సైజు, నీటి కదలిక ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. నీటి కెహెచ్ (కార్బొనేట్ గట్టిదనం), పిహెచ్ (ఆమ్లగుణపు కొలత) తెలిస్తే, కెహెచ్ 4 ఉన్న నీటిలో పిహెచ్ 7.6 అయితే లీటరుకు 3 మిల్లీగ్రాములు, 6.6కు దిగితే 30 అని లెక్క వస్తుంది, అంటే పిహెచ్ ఒక్క అంకె తగ్గితే వాయువు పది రెట్లు. కుళాయి నీటికీ, తీరంలోని బోరు నీటికీ కెహెచ్‌లో చాలా తేడా ఉండవచ్చు కనుక కొలవకుండా ఊహించకూడదు. చెక్క దుంగలు, ఆమ్లగుణమున్న మట్టి వేసిన తొట్టిలో ఈ లెక్క తప్పుతుంది. అక్కడ డ్రాప్ చెకరు, అంటే వాయువును బట్టి రంగు మారే ద్రావణంతో తొట్టిలో తగిలించే చిన్న బుడ్డి, మేలు. దానిలో తొట్టి నీరు కాకుండా, కెహెచ్ 4గా తయారుచేసిన ద్రావణమే పోయాలి. నీలం రంగు ఉంటే తక్కువ, ఆకుపచ్చ సరైనది, పసుపు ఎక్కువ. బుడగలను రోజుకు కొద్దికొద్దిగా పెంచుతూ వారం రోజుల్లో ఆకుపచ్చకు చేరాలి.

దీపం వెలగడానికి గంటన్నర ముందు గ్యాసు తెరుచుకుని, ఆరడానికి గంట ముందు మూసుకోవాలి. రాత్రి మొక్కలు కూడా ప్రాణవాయువునే పీలుస్తాయి కనుక అప్పుడు గ్యాసు పనికిరాదు. ఇక్కడ నేను తిన్న దెబ్బ ఒకటి చెప్పాలి. మా తొట్టిలో దీపానికి బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరు, గ్యాసుకు తిప్పే చవక టైమరు ఉండేవి. కరెంటు పోతే తిప్పే టైమరు ఆగిపోతుందని నాకు తట్టలేదు. రెండు రోజుల్లో మొత్తం ఐదు గంటలు కరెంటు పోగా, సాయంత్రం 5కు మూసుకోవలసిన గ్యాసు రాత్రి 10 దాకా నడిచింది. తెల్లవారేసరికి చేపలన్నీ నీటి పైకి చేరి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. దీపానికి, గ్యాసుకు రెండింటికీ బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్లే పెట్టడం, కరెంటుతో తెరుచుకుని, కరెంటు లేనప్పుడు మూసుకునే సోలనాయిడ్ వాల్వు పెట్టడం అప్పటినుంచి నా నియమం. నిమ్మఉప్పు సీసాకు సోలనాయిడ్ లేకపోతే రాత్రి చేతితోనే మూయాలి.

వేసవిలో మోతాదును కొంత తగ్గించాలి. నీరు 25 డిగ్రీల నుంచి 30కి చేరితే, అది పట్టగల ప్రాణవాయువు లీటరుకు సుమారు 8.2 నుంచి 7.5 మిల్లీగ్రాములకు పడిపోతుంది, అదే సమయంలో చేపల అవసరం పెరుగుతుంది. నీటి పైభాగం కొద్దిగా అలలాడేలా ఫిల్టరు మూతిని తిప్పి, రాత్రి గాలి పంపు నడపాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక రోజుల తరబడి కరెంటు లేని ఊరు మనది; బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో ఉండాలి.

చేపలు నీటి పైకి వచ్చి మొప్పలు వేగంగా ఆడిస్తుంటే, ముందు సిలిండరు వాల్వు కట్టేసి, గాలి పంపు వేసి, క్లోరిన్ పోగొట్టి నిలవ ఉంచిన నీటితో మూడో వంతు మార్చాలి. డ్రాప్ చెకరు రంగు మారడానికి గంటా రెండు గంటలు పడుతుంది, కాబట్టి అది ఆకుపచ్చగా ఉందన్న ధీమాతో చేపలను అలా వదిలేయకూడదు, పసుపుగా ఉందని నీరు మళ్లీ మళ్లీ మార్చనూ కూడదు. మొప్పల కదలిక నెమ్మదించిందా లేదా అన్నదే చూడాలి.